నట్టు పైకున్న సైకిలు

ఎస్కనాబా, మిషిగన్
మార్చి 12, 2012

లైల్ విసోకి గారికి,

నేను మీకు గుర్తుండే ఉంటాను. గుర్తు లేకపోతే కింద సంతకం చూడండి, గుర్తొస్తుంది.

మా బాబాయి కూతురు మీ ప్లోవర్ వారపత్రికలోని ముక్క ఒకటి కత్తిరించి పంపింది. కెస్లింగ్ స్టోర్లవాళ్ళు ఒకప్పుడు అమ్మిన సైకిళ్ళను మీరు కొని, తుడిచి, బాగుచేసి మళ్ళీ రోడ్డెక్కిస్తున్నారని రాశారు. ఫోటోలో మీ పక్కన ఆకుపచ్చ పది గేర్ల సైకిలు ఉంది. చిన్నప్పుడు పోయి దొరికిన సైకిలే మళ్ళీ దొరికిందని మీరు చెప్పినట్టు కూడా వేశారు.

నాకు ఒక్క సంగతి కావాలి. ఆ సైకిలు పెడల్ ముందుకు తిప్పి పట్టుకుంటే, పెడల్ కడ్డీని ఇరుసుకు బిగించే కాటర్ పిన్ను నట్టు పైకి ఉంటుందా, కిందికి ఉంటుందా? ఒక్క ముక్క రాస్తే చాలు. ఫోను చేయవద్దు, మీ గొంతు వినే ఓపిక నాకు లేదు.

కర్టిస్ బ్రుస్కి

*

ప్లోవర్, విస్కాన్సిన్
మార్చి 20, 2012

కర్టిస్‌కి,

ముప్ఫై ఏడేళ్ళ తర్వాత నీ దగ్గర్నుంచి ఉత్తరం. అందులో క్షేమసమాచారం లేదు, క్షమాపణ అంతకన్నా లేదు. నా సైకిలు నట్టు ఎటుందని మాత్రం అడిగావు. చదివి ఒళ్ళు మండింది. మా ఆవిడ డార్సీ పక్కనుండి "రెండు రోజులు ఆగి రాయి" అంది, అందుకే వారం ఆలస్యం. నన్ను గారూ, మీరూ అంటూ రాశావు. ఎక్కడ నేర్చుకున్నావో కానీ నాకు ఆ మర్యాద అక్కర్లేదు.

నువ్వు మరిచిపోయినట్టు నటిస్తావేమో, నేనే చెప్తాను. 1975 జూన్‌లో బౌలింగ్ హాలు వెనక నిలబెట్టిన నా ఆకుపచ్చ కెస్లింగ్ పోయింది. సరిగ్గా తొమ్మిదో రోజున నువ్వు అదే ఆకుపచ్చ కెస్లింగ్ మీద వీధిలోకొచ్చావు. ఎక్కడిదిరా అంటే నోరు మెదపలేదు. రసీదు లేదు. సైకిలు తిరగేసి చూస్తే కాటర్ పిన్నుల నట్లు పైకి ఉన్నాయి. ఎవరైనా నట్టు కిందికే వచ్చేట్టు బిగిస్తారు. నా సైకిలుకు మాత్రం తిరగబడి ఉండేవి, అది నాకొక్కడికే తెలిసిన గుర్తు. ఆ గుర్తు చూపించాకే మా నాన్న ట్రక్కు వేసుకొచ్చి మీ వాకిట్లోంచి దాన్ని తెచ్చాడు. నువ్వు మెట్ల మీద నిలబడి చూశావు తప్ప నాది అని ఒక్క మాట అనలేదు. నీదయితే అనవా?

ఆ రోజే దాని అడుగున గొట్టం మీద మేకుతో ఎల్.డబ్ల్యూ. అని నా అక్షరాలు గీశాను, మళ్ళీ ఎవడూ ఎత్తుకుపోకుండా. ఎనభై ఒకటిలో అమ్మేశాను. పోయిన అక్టోబరులో ఒక పాత సామాన్ల గరాజు సేల్‌లో కుళ్ళిన గార్డెన్ పైపుల కింద అదే సైకిలు కనిపించింది. అడుగున నా అక్షరాలు. అమ్మేవాడు పదిహేను డాలర్లు అడిగాడు, పన్నెండుకిచ్చాడు. సైకిల్ క్లబ్బుల్లో తిరిగే పెద్దమనుషులు ఈ స్టోరు సైకిళ్ళను చూసి మూతి విరుస్తారు. బరువెక్కువ, ఇనుప రిమ్ములు, వానలో బ్రేకు నొక్కితే ఆగాలా వద్దా అని అదే తేల్చుకుంటుంది. అయినా నాకు అవే ఇష్టం. మా వాళ్ళు కొనగలిగినవి అవే కాబట్టి. అలాంటివి ఇప్పటికి ముప్ఫై దాకా బాగుచేశాను. వంటింటి రేకు కాగితం నీళ్ళలో ముంచి రుద్దితే తుప్పు కింద క్రోము ఇంకా మెరుస్తుంది. దీనికి సీటు గొట్టం ఒక్కటే పట్టేసింది. నూనె పోసి వారం చూశాను, కదల్లేదు. నా ఎత్తుకే ఉంది కదా అని వదిలేశాను.

నట్ల సంగతి మాత్రం చెప్పను. ఎందుకు కావాలో ముందు నువ్వు చెప్పు.

లైల్

*

ఎస్కనాబా
ఏప్రిల్ 2

లైల్ గారికి,

నాకు నా సైకిలు కావాలి. అందుకు.

మీరు అక్షరాలు గీసుకున్నది నా సైకిలు మీద. అది బౌలింగ్ హాలు వెనక పోయిన సైకిలు కాదు. అప్పుడు నేను నోరు విప్పకపోవడానికి కారణం ఉంది, అది నాది కాదు, మా ఇంట్లో మరొకరిది. మొన్నటి దాకా చెప్పే హక్కు నాకు లేదు. మీరు నమ్మే మనిషయితే అదీ రాస్తాను, కాకపోతే కాగితం దండగ.

మీరు చదువుకున్నవారిలా మాట్లాడుతున్నారు కాబట్టి ఒక పని చేయండి. ముప్ఫై కెస్లింగులు బాగుచేశానన్నారు కదా, వాటి నట్లు చూడండి. ఒక్కటంటే ఒక్కదానికి పైకి ఉన్నా, మీ నాన్నగారు ట్రక్కు వేసుకొచ్చిన రోజున మీ చేతిలో ఉన్న రుజువు రుజువే కాదు. చూసేదాకా ఆ ఆకుపచ్చ సైకిలు పిన్నులు ముట్టుకోవద్దు.

ఒక మాట దాచుకోకుండా చెప్తాను. మీకు అది మీది కాదని తెలిసే తీసుకుపోయారని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఇప్పటికీ అలాగే అనుకుంటున్నాను.

కర్టిస్

*

ప్లోవర్
ఏప్రిల్ 27

కర్టిస్‌కి,

నీ ఉత్తరం వచ్చేసరికి పని అయిపోయింది. జనవరిలోనే ఆ పిన్నులు తీసేశాను. సుత్తి దెబ్బలకు తలలు చితికిపోతే డ్రిల్లు పెట్టి తొలిచి తీయాల్సి వచ్చింది. కొత్తవి వేశాను, అందరూ వేసినట్టు, నట్టు కిందికి. పాతవి తుక్కు డబ్బాలో పడ్డాయి, డబ్బా ఫిబ్రవరిలో పోయింది. ఈ సంగతి నీకు ఎవరైనా చెప్పారేమో అని కూడా నాకు అనుమానంగా ఉంది. చూపించడానికి ఏమీ మిగలని పిన్నుల గురించి అడగడం సులువు కదా.

అయినా నువ్వు చెప్పిన పని చేశాను. గరాజులో ఇప్పుడు ఏడు కెస్లింగులున్నాయి. ఏడూ తిరగేశాను. ఏడింటికీ నట్లు కిందికే. అమ్మేసినవాళ్ళలో ఐదుగురికి ఫోను చేసి అడిగాను, అవీ అంతే. విన్నావా? నీకు కావలసిన ఆ "ఒక్కటంటే ఒక్కటి" లేదు. డార్సీ కూడా పక్కన నిలబడి టార్చి పట్టుకుంది.

తెలిసే తీసుకుపోయానంటావా నన్ను? పదిహేనేళ్ళ పిల్లాణ్ణి. ఆ వేసవి ఇద్దరం సైకిళ్ళ మీద సరస్సు చుట్టూ తిరిగొద్దామని మ్యాపు కూడా గీసుకున్నాం. దొంగ నువ్వని తెలిసిన రోజు నాకు పోయింది సైకిలొక్కటే కాదు. ఆ సైకిలుకి ఎందుకింత ఆరాటపడుతున్నావో, వెనక ఏం లెక్క ఉందో నాకు అర్థం కావడం లేదు. మా మనవరాలికని చేసి పెట్టాను దాన్ని, ఎవరికీ ఇచ్చేది లేదు.

లైల్

*

ఎస్కనాబా
మే 15

లైల్ గారికి,

మీ ఏడు సైకిళ్ళూ ఎక్కడ కొన్నవి? ఆష్‌కాష్, గ్రీన్ బే, మిల్వాకీ అయ్యుంటాయి. సీటు కింది గొట్టం మీద ఏ ఊరి కెస్లింగ్‌లో అమ్మారో చిన్న చీటీ అంటించేవాళ్ళు. మన ఊరు పాయింట్‌లోని స్టోరువి చూడండి. మిగతావి వందున్నా ఉపయోగం లేదు.

సరే, రాస్తాను. నమ్మడం మానడం మీ ఇష్టం.

మన పాయింట్ కెస్లింగ్ నేలమాళిగలో సైకిళ్ళు బిగించేది మా మేనమామ ఎర్విన్. ఎడమచేతి వాటం. పెట్టెల్లో విడి భాగాలుగా వస్తే, పదిహేడేళ్ళు అన్నీ ఆయన ఒక్కడే బిగించాడు. ఎడమచేత్తో సుత్తి పట్టి తనకు అనువైన వైపు నుంచి పిన్ను కొట్టేవాడు, నట్టు పైకొచ్చేది. తొక్కడానికి తేడా ఏమీ ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. మీరు మీ ఒక్క సైకిలుకే ఉందనుకున్న గుర్తు మా మామయ్య ఎడమచేతి పని. మన ఊళ్ళో అమ్మిన ప్రతి కెస్లింగుకీ ఉంది.

దారిలో దెబ్బతిన్న పెట్టెలను స్టోరువాళ్ళు చెత్తలో పారేయమనేవాళ్ళు. ఇంటికి తీసుకెళ్తే ఉద్యోగం పోతుంది. మామయ్య ఆరు నెలలు ఒక పెట్టెలో ఫ్రేము, ఇంకో పెట్టెలో చక్రాలు దాచి, పారేయాల్సిన వాటితో నాకొక సైకిలు బిగించాడు. నా పుట్టినరోజుకి, జూన్‌లో. అప్పుడు మా అత్తయ్యకు కిడ్నీలు పాడయ్యాయి, ఆసుపత్రి ఖర్చంతా స్టోరు ఇచ్చే బీమా మీదే నడుస్తోంది. మీ నాన్నగారు ట్రక్కు దిగినప్పుడు మా అమ్మ నా చెవిలో అన్న మాట ఇది: "నోరు తెరిచావంటే మీ అత్త చచ్చిపోతుంది." నేను తెరవలేదు. తెల్లారి మీరు మా ఇంటి ముందు నుంచే ఆ సైకిలు తొక్కుకుంటూ పోయారు. సీటు బాగా కిందికి ఉండి మీ మోకాళ్ళు హ్యాండిలుకి తగులుతున్నాయి. మీ సైకిలే అయితే సీటు మీ ఎత్తుకుండాలి కదా. అది చూసి కూడా అనుమానం రాలేదంటే నాకు నమ్మకం కుదరదు.

మామయ్య ఈ జనవరిలో పోయాడు. అంత్యక్రియలకు నా కూతురు బ్రిటాను తీసుకుని వచ్చాను. చర్చి కింది హాల్లో భోజనాల దగ్గర, బౌలింగ్ హాలు నడిపే రోలీ గొంతు పెద్దది చేసి, "బ్రుస్కి వచ్చాడు, సైకిళ్ళు లోపల పెట్టుకోండి" అన్నాడు. బల్లంతా నవ్వింది. తిరుగుదారిలో బ్రిటా, "ఆయన ఏమన్నాడు నాన్నా?" అంది. ఏదో పాత జోకు అన్నాను. నా ముఖం చూసింది, మళ్ళీ అడగలేదు. పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఇన్నాళ్ళూ నాకు మిగిలిన గౌరవం ఆ పిల్ల కళ్ళలోదే. అది పోతోందని అనిపించి మీకు రాశాను. వేరే లెక్కేమీ లేదు.

కర్టిస్

*

ప్లోవర్
జూన్ 4

కర్టిస్‌కి,

కథ బాగుంది. సాక్షి చనిపోయాడు, పిన్నులు తుక్కులో పోయాయి, స్టోరు ఎనభై ఎనిమిదిలోనే మూతపడింది. ఎవరిని అడగాలో నువ్వే చెప్పు. ఎర్విన్ నాకు తెలుసు, మంచివాడు. చనిపోయిన మంచివాళ్ళ మీద ఏం పెట్టినా వాళ్ళు కాదనరు.

సీటు సంగతి నాకు గుర్తుంది. దొంగ పొట్టివాడు కాబట్టి దించుకున్నాడు అనుకున్నాను. ఇప్పుడూ అదే అంటాను.

రోలీ అన్నది తప్పు. పిల్ల ముందు అనకూడని మాట. అంతవరకు ఒప్పుకుంటాను.

పాయింట్ చీటీ ఉన్న సైకిలు ఒక్కటీ నా చేతికి రాలేదు, నిజమే. చవగ్గా దొరికేవి దూరపు ఊళ్ళలోనే కదా అని అటే తిరిగాను. సొంత ఊరివి ఎందుకు చూడలేదని డార్సీ అడిగితే విసుక్కున్నాను. ఇప్పుడు హార్డ్‌వేర్ షాపులో కాగితం అంటించాను, పాయింట్ కెస్లింగ్ సైకిలు, ఏ స్థితిలో ఉన్నా కొంటానని. నీ కోసం కాదు. నువ్వు అబద్ధం చెప్తున్నావని తేల్చుకోవడం కోసం.

లైల్

*

ప్లోవర్
ఆగస్టు 26

కర్టిస్,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను.

జూలై మొదట్లో యబ్లాన్‌స్కీ వాళ్ళ ముసలమ్మ ఆడవాళ్ళ నీలం సైకిలొకటి తెచ్చింది. పాయింట్ చీటీ ఉంది. తిరగేశాను, నట్లు పైకి. ఎవరో మెకానిక్కు మార్చి వేసుంటాడు అనుకున్నాను. చూశావా, అప్పటికీ ఒప్పుకోబుద్ధి కాలేదు. రెండు వారాలకు ఇంకొకటి, నారింజ రంగు. నట్లు పైకి. డార్సీ టార్చి ఆర్పి లోపలికెళ్ళింది.

పోయిన వారం అమ్హర్స్ట్ దగ్గర బంగాళాదుంపల రైతు ఒకతను పిలిచాడు. వాళ్ళన్నయ్య డెబ్బై నాలుగులో కొని, సైన్యానికి వెళ్ళి తిరిగి రాలేదట. అప్పట్నుంచి కొట్టం దూలానికి వేలాడుతోంది. సీటు కింద పాయింట్ చీటీ ఉంది, హ్యాండిలుకి ధర చీటీ కూడా దారంతో సహా ఉంది. టైరు మీద కొత్త రబ్బరు నూగు ఇంకా ఉంది, ఒక్క మైలు కూడా తిరగలేదు. ఆకుపచ్చ. స్టోరు నుంచి బయటికొచ్చాక దాని మీద ఎవరి చెయ్యీ పడలేదు. నిచ్చెనెక్కి పెడల్ ముందుకు తిప్పాను. నట్టు పైకొచ్చింది. రెండో వైపుది కూడా తిప్పి చూశాను, అదీ అంతే. ఆ రైతు కింద నుంచి "ఏమండీ, నచ్చలేదా?" అని అడుగుతున్నాడు.

కర్టిస్, దొంగను నేను. అంతకన్నా వేరే మాట దొరకడం లేదు. తెలిసి చేయలేదు, ఆ ఒక్కటి నమ్మితే నమ్ము. సీటు బాగా కిందికి ఉందని ఆ రోజే తెలిసింది. మోకాళ్ళు తగులుతుంటే ఏదో తేడాగా ఉందనిపించింది. ఆలోచిస్తే సైకిలు తిరిగివ్వాల్సి వస్తుంది, అందుకే ఆలోచించలేదు. నేను స్పానరు తెచ్చుకుని సీటు లేపాను. నా సొంత సైకిలు ఏమైందో ఇప్పటికీ తెలియదు. దొరికిందనుకున్నాను కాబట్టి వెతకనేలేదు. నువ్వు పేపర్లు వేసే పని వదిలేసి బడికి నడిచి వెళ్తుంటే, పక్క నుంచే బెల్లు కొట్టుకుంటూ వెళ్ళాను. అది తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

చేసినవి చెప్తాను. శుక్రవారం రాత్రుళ్ళు చేపల విందు పెట్టే మన ఊరి క్లబ్బుకు మొన్న శుక్రవారం వెళ్ళాను. రోలీ ఉన్నాడు, ఆ బల్ల దగ్గర నవ్వినవాళ్ళూ చాలామంది ఉన్నారు. లేచి నిలబడి, కర్టిస్ బ్రుస్కి నా సైకిలు తీయలేదు, అతని సైకిలు నేనూ మా నాన్నా లాక్కొచ్చాం అని చెప్పాను. రోలీ, "ఎప్పటి మాటలే, వదిలెయ్" అన్నాడు. "జనవరిలో నువ్వు వదల్లేదుగా" అన్నాను. మా ఫోటో వేసిన వారపత్రికకు కూడా రాసిచ్చాను, వచ్చే బుధవారం వేస్తామన్నారు. నిన్ను అడక్కుండా ఎర్విన్ పేరు మాత్రం రాయలేదు.

సైకిలుకు కొత్త పిన్నులు ఊడదీసి, మళ్ళీ కొట్టాను, మీ మామయ్య కొట్టినట్టే. నట్లు పైకి. కుడిచేత్తో ఆ వైపు నుంచి కొట్టడం ఎంత కష్టమో తెలిసింది. అడుగున నేను గీసిన అక్షరాలు అలాగే ఉన్నాయి. చెరిపేస్తే చేసింది దాచుకున్నట్టుంటుందని చెరపలేదు.

నీకు ఎప్పుడు వీలో చెప్పు, తెచ్చిస్తాను. మీ బ్రిటా ఇంట్లో ఉన్న రోజు చెప్పు. ఆ పిల్లకు నేనే చెప్పాలి, నువ్వు కాదు.

లైల్

*

ఎస్కనాబా
సెప్టెంబరు 7

ఒరేయ్ లైల్,

పత్రిక ముక్క అందింది. ఈసారి కూడా మా బాబాయి కూతురే పంపింది. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటి రెండుసార్లు ఇందులో ఏం మెలిక పెట్టావో అని వెతికాను. ఇన్నేళ్ళ అలవాటు, ఒక్క ఉత్తరంతో పోదు.

నువ్వు తెలిసే చేశావనుకుని బతికాను. అలా అనుకుంటే కోపం తెచ్చుకోవడం తేలికగా ఉండేది. నీకు తెలియదని ఇప్పుడు తెలిశాక ఆ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తోచడం లేదు. నేనూ ఒకసారి వచ్చి నీ తలుపు తట్టి ఉండాల్సింది. ఎర్విన్ పేరు చెప్పకుండా "అది నాదిరా" అని ఒక్క మాట అని ఉండొచ్చు. అనలేదు.

మామయ్య పేరు కూడా పత్రికలో వేయించు. అత్తయ్య ఆ తర్వాత పదకొండేళ్ళు బతికింది. ఇప్పుడు ఎవరి ఉద్యోగమూ పోదు. పారేయమన్న ఇనుముతో మేనల్లుడికి సైకిలు చేసిపెట్టాడని ఊరికి తెలియడం మంచిదే.

పదహారో తేదీ ఆదివారం రా. బ్రిటా కాలేజీ నుంచి వస్తుంది. నీ ఉత్తరాలేవీ తనకి చూపించలేదు, నువ్వే చెప్పాలి. సైకిలు తిరగేసి ముందు నట్లు చూస్తాను, ఏమీ అనుకోకు. ఒక ఆకురాయి కూడా తెచ్చుకో. ఆ రెండక్షరాలు నా కూతురి ముందు నీ చేత్తో నువ్వే రుద్దాలి. రంగు పోతే పోనీ.

ఇంకొక్క సంగతి. సీటు గొట్టం పట్టేసిందని, నీ ఎత్తుకే ఉందని వదిలేశానని రాశావు. పట్టేసినవి ఊడదీయడం నీకు రాని పని కాదు. నేను ఇంకా నీకంటే నాలుగంగుళాలు పొట్టివాణ్ణే. సీటు దించి తీసుకురా.

కర్టిస్